కాఫీ మేస్త్రి ఇంట ఆకు టీ

కాఫీ గింజ వేగేటప్పుడు రెండుసార్లు మాట్లాడుతుందని మేస్త్రి చెప్పేవాడు. మొదటిసారి పేలాలు వేగినట్టు గట్టిగా చిటపటలాడుతుంది. తర్వాత కాసేపు నోరు మూసుకుంటుంది. రెండోసారి ఎండుపుల్లలు విరిగినట్టు సన్నగా పలుకుతుంది. ఆ రెండు మాటల మధ్య మౌనంలోనే కాఫీ అంతా ఉందనీ, ఆ మౌనంలో సరైన చోట గింజ వేయించే డ్రమ్ము తలుపు తీసినవాడే మేస్త్రి అనీ, తక్కినవాళ్ళంతా బొగ్గులు కాల్చుకునేవాళ్ళనీ ఆయన నమ్మకం.

ఆ కాఫీ గింజల దుకాణంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా డ్రమ్ము ముందు నిలబడ్డది ఆయనే. గడియారం గోడకి ఉండేది గానీ, దాని వంక చూసేవాడు కాదు. చెవి డ్రమ్ముకి అప్పగించి, ముక్కు కొంచెం పైకెత్తి నిలబడేవాడు. వీధిలో అందరూ ఆయన్ని ముక్కు మేస్త్రి అనేవాళ్ళు. వాసన పట్టడంలో ఆయన గట్టివాడు కాబట్టి అని పెద్దలు చెప్పేవాళ్ళు, ముక్కు పొడుగ్గా ఉంటుంది కాబట్టి అని పిల్లలు చెప్పేవాళ్ళు. రెండూ నిజమే.

ఆయన తాగే కాఫీ కూడా అలాంటిలాంటిది కాదు. లేవగానే ఒక గ్లాసు. అది పూర్తయితే గానీ ప్రార్థనకి కూర్చునేవాడు కాదు. దేవుడి కన్నా ముందు కాఫీయా అని భార్య పెళ్ళయిన కొత్తల్లో అడిగింది. కునికిపాట్లు పడే భక్తుణ్ణి చూసి దేవుడు మాత్రం ఏం సంతోషిస్తాడు, మేలుకున్నవాడితో మాట్లాడటమే ఆయనకీ ఇష్టం అన్నాడు మేస్త్రి. ఆవిడ నవ్వి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. కానీ మరచిపోలేదు.

మొన్న వేసవిలో ఆవిడ కడుపులో గడ్డ ఉందన్నారు, కోసి తీయాలన్నారు. ఆసుపత్రిలో మధ్యాహ్నం పూట ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు. రెండు గంటలన్నది నాలుగు గంటలయింది. తలుపు తెరుచుకోలేదు. మేస్త్రి నడవాలో ఇనుప బల్ల మీద కూర్చున్నాడు. చేతిలో కాగితపు కప్పు. అందులో కాఫీ పరమ చెత్త కాఫీ, అయినా సగం తాగాడు. ఆ సగం కప్పు వంక చూస్తూ, తన దగ్గర దేవుడికి ఇవ్వదగ్గది ఏముందా అని ఆలోచించాడు. వెతకనక్కర్లేకపోయింది, చేతిలోనే ఉంది. "ఆవిణ్ణి నాకు తిరిగి ఇచ్చెయ్యి స్వామీ, ఇకమీదట కాఫీ చుక్క గొంతు దిగదు" అని మొక్కుకుని, మిగతా సగం తీసుకెళ్ళి చేతులు కడుక్కునే చోట పారబోశాడు. మరో గంటకి తలుపు తెరుచుకుంది.

మూడో రోజు ఆవిడకి పూర్తిగా తెలివి వచ్చాక మొదట అడిగింది, మీ దగ్గర కాఫీ వాసన రావడం లేదేంటండీ అని. చెప్పక తప్పలేదు. విని, కుట్లు పట్టుకుని నవ్వింది. ఇంకేదైనా సులువైనది దొరకలేదా, ఆ ముక్కు తీసి ఇచ్చినా పోయేది కదా అంది. తర్వాత అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మొక్కు మొక్కినంత సులువు కాదు మోయడం. తొలివారం తల పగిలిపోయింది. రెండో వారానికి నొప్పి తగ్గింది గానీ మత్తు మాత్రం దిగలేదు. ఆసుపత్రిలో నిద్ర లేని రోజులు కూడా వచ్చి అందులో కలిశాయేమో. పొద్దున్నే ఐదింటికి డ్రమ్ము దగ్గర నిలబడితే, ఒళ్ళు అక్కడ, ప్రాణం ఇంకా పక్కమీద.

ఆ దుకాణంలోనే పొట్లాలు కట్టే పని ఆయన బావమరిదిది. భార్యకి సొంత తమ్ముడు, మాటల పుట్ట. బావా, దేవుడికి నువ్వు ఒదులుకుంది కాఫీని, టీని కాదుగా అని పట్టుకున్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. టీ కాఫీకి దాయాదే, నిద్ర చెడగొట్టే సరుకు రెండింట్లోనూ ఒకటే, చొక్కా మార్చుకుని వచ్చినంత మాత్రాన మనిషి మారిపోడు అన్నాడు. అయితే దేవుడి కన్నా నువ్వే గట్టిగా ఉన్నావు బావా అన్నాడు బావమరిది.

ఒక రోజు గింజ మొదటి మాట అంది. మేస్త్రి విన్నాడు. రెండో మాటా అనేసింది. మేస్త్రి వినలేదు. నిలబడ్డచోటే కళ్ళు మూతలు పడ్డాయి. పొగ చూసి బావమరిది పరిగెత్తుకొచ్చి తలుపు లాగాడు. పళ్ళెంలో పడ్డవి నల్లగా, నూనె కారుతూ, మేస్త్రి పుట్టాక తన చేతుల మీదుగా ఎప్పుడూ చూడని గింజలు.

దుకాణం షావుకారు మంచివాడు. ఒక్క మాట అనలేదు. సాయంత్రం మాత్రం బల్ల మీద రంగుల బొమ్మ వేసిన కాగితం ఒకటి పెట్టాడు. కొత్త యంత్రం. బొత్తాం నొక్కితే అదే వేయించుకుంటుంది, టైము కాగానే గంట కొడుతుంది, తలుపు అదే తెరుచుకుంటుంది. ఇప్పుడే కాదులే మేస్త్రీ, ఇంకోసారి ఇలా అయితే చూద్దాం అని ఊరుకున్నాడు. మేస్త్రికి ఆ రాత్రి అన్నం సహించలేదు. మొక్కు నిలబెట్టుకుంటే డ్రమ్ము పోయేలా ఉంది. డ్రమ్ము నిలబెట్టుకోవాలంటే మొక్కు తప్పాలి. రెండింట్లో ఏదీ పోగొట్టుకోలేని మనిషి ఆయన.

భర్త ఏమీ చెప్పకపోయినా తమ్ముడు అన్నీ చెప్పేశాడు. అప్పటికి ఆవిడకి ఆపరేషనయి ఆరు వారాలు. మర్నాడు మొట్టమొదటిసారి ఒంటరిగా గడప దాటి, గోడలు పట్టుకుంటూ వీధి చివర ఆకుల కొట్టుదాకా నడిచింది. ఎండు పువ్వులు, బెరళ్ళు, వేళ్ళు అమ్మే ముసలాయన కొట్టు అది. ఆయన్ని చాలాసేపు ఏవేవో అడిగి, ఒక సంచీడు ఆకు పట్టుకొచ్చింది. ఎక్కడో దూరదేశపు అడవిలో పెరిగే చెట్టట. దాని పేరు ఆ ముసలాయనకే సరిగ్గా నోరు తిరగలేదు. అక్కడివాళ్ళు పొద్దున్నే కాఫీకి బదులు దాన్నే కాచుకుని తాగుతారట.

మొదటిరోజు బాగా మరిగే నీళ్ళలో వేసి ఇచ్చింది. మేస్త్రి ఒక గుక్క తాగి, గడ్డివాము నానబెట్టావా అన్నాడు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకోలేదు. ముప్ఫై ఏళ్ళు అన్నం వడ్డిస్తూ ఆయన చెప్పే కాఫీ కబుర్లు విన్నది ఆవిడే. నీళ్ళు మరీ మరిగితే చేదు బయటికొస్తుందని విన్నది. పచ్చివాసన నిప్పు మీదే చస్తుందని విన్నది. అప్పట్లో విన్నట్టు కనపడలేదంతే. ఆకుని ఇనప మూకుట్లో, సన్నటి మంట మీద, చేత్తో కలుపుతూ వేయించింది. నీళ్ళు మరిగాక దించి, ఆవిరి కాస్త తగ్గనిచ్చి, అప్పుడు పోసింది. ఎండిన నారింజ తొక్క చిదిపి వేసింది. దాల్చినచెక్క ముక్క వేసి చూసి, ఎక్కువయిందని మర్నాడు సగం చేసింది. నాలుగు రోజులు తనే తాగింది, ఆయనకి ఇవ్వలేదు.

ఐదో రోజు గ్లాసు పట్టుకొచ్చి ముందు పెట్టింది. మేస్త్రి గింజలు రుచి చూసేవాళ్ళ అలవాటు ప్రకారం సర్రుమని చప్పుడు చేస్తూ పీల్చాడు. నోట్లో అటూ ఇటూ తిప్పాడు. మింగాడు. మరోసారి పీల్చాడు.

"ఎవరు వేయించారిది?"

"ఇంకెవరున్నారండీ ఇంట్లో."

"ఒక్క నిమిషం ముందు దించావు."

ఆవిడ పెళ్ళినాడు కూడా అంత గర్వంగా తల ఎత్తి ఉండదు. ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు షావుకారు కూడా ఎరగడు. మర్నాడు ఒక్క నిమిషం ఎక్కువ ఉంచింది.

పది రోజుల్లో మేస్త్రి మళ్ళీ మేస్త్రి అయ్యాడు. కళ్ళు విచ్చుకున్నాయి, చెవి తెరుచుకుంది. గింజ మౌనం మళ్ళీ వినపడసాగింది. షావుకారు రంగుల బొమ్మ తీసి సొరుగులో పెట్టేశాడు.

అంతటితో ఊరుకుంటే కథ లేదు. మేస్త్రికి గొప్ప పట్టుకుంది. సరుకు తెచ్చే లారీ డ్రైవరు ఒక టీ తాగుదాం రండి మేస్త్రిగారూ అంటే, నాకు కాఫీ, టీ రెండూ పనికిరావయ్యా, ఇంట్లో ఆకు నీళ్ళు తాగొస్తాను, మనిషికి కావలసింది నిగ్రహం అనేవాడు. గింజలు కొనడానికి వచ్చినవాళ్ళకి పొట్లం కట్టేలోగా మొక్కు కథ మొత్తం చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో తెంపేశాను, చూడండి ఎలా ఉన్నానో, అంతా మనసులో ఉంది అనేవాడు. బావా, నీ నిగ్రహం వినీ వినీ నాకు కాఫీ మీద విరక్తి వచ్చేలా ఉంది, షావుకారు నష్టపోతాడు అన్నాడు బావమరిది.

ఒక సాయంత్రం షావుకారు తనకి నిద్ర సరిగ్గా పట్టడం లేదన్నాడు. మేస్త్రికి అవకాశం దొరికింది. మీరు రాత్రిళ్ళు కాఫీ మానండి, మా ఆవిడ చేసే ఆకు టీ తాగండి, ఆకే కదా, పసిపిల్లలా పడుకుంటారు అన్నాడు. ఇంటికెళ్ళి, భార్య పెరట్లో ఉంటే అడక్కుండానే గుప్పెడు పొట్లం కట్టి పంపించాడు. రెండు గ్లాసులు తాగమని కబురు కూడా చెప్పించాడు.

తెల్లారి షావుకారు వచ్చేసరికి కళ్ళు మందారపువ్వుల్లా ఉన్నాయి. కుర్చీలో కూలబడి, మేస్త్రీ, రాత్రి మా ఇంటి పైకప్పులో ఎన్ని దూలాలున్నాయో, ఒక్కో దూలానికి ఎన్ని మేకులున్నాయో ఇప్పుడు నన్నడుగు అన్నాడు. పన్నెండింటికి బీరువా సర్దాడట. రెండింటికి చెప్పులు పాలిష్ చేసుకున్నాడట. బావమరిది పొట్లాల వెనక వంగి, భుజాలు ఊపుతూ నవ్వుతున్నాడు.

మేస్త్రి నవ్వలేదు. మనిషిని రాత్రల్లా అలా కూర్చోబెట్టే సరుకు ఏమిటో ఆయనకి తెలిసినంత బాగా ఆ వీధిలో ఎవరికి తెలుసు? రెండు నెలలుగా పొద్దున్నే తాను గొంతులో పోసుకుంటున్నది అదే. చొక్కా మార్చుకుని వచ్చింది, అంతే.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి ఆవిడ నారింజ తొక్కలు ఎండలోంచి తీసి డబ్బాలో పోస్తోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"ఆ ఆకులో కాఫీలో ఉండేదే ఉందా?"

"ఉంది."

"నీకు తెలుసా?"

"తెలుసు. తెలుసుకునే కదా తెచ్చాను. మత్తు వదిలించేది కావాలనే అడిగాను ఆ ముసలాయన్ని."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే. వీధిలో అందరికీ నిగ్రహం గురించి చెబుతుంటే, మధ్యలో వచ్చి ఎలా చెప్పమంటారు?"

మేస్త్రికి కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. నా మొక్కు చెడగొట్టావు అని మాత్రం అన్నాడు. ఆవిడ డబ్బా మూత పెట్టి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరు కాఫీ మానతానన్నారు. మానారు. మెలకువ మానతానని మొక్కుకున్నారా? కునికిపాట్లు పడే భక్తుణ్ణి చూసి దేవుడు ఏం సంతోషిస్తాడని నాకు చెప్పింది మీరే. నన్ను ఆయన వెనక్కి పంపింది, మీరు డ్రమ్ము దగ్గర నిద్రపోతుంటే చూడటానికని నేననుకోను."

ఆ మాట తనదే. అయినా మనసు ఒప్పుకోలేదు. బావమరిది అడిగినప్పుడు తాను టీ ఎందుకు వద్దన్నాడు మరి? దేవుడు అడిగాడనా, తాను మరీ గట్టివాడినని అనిపించుకోవాలనా? సాయంత్రం చాలాసేపు ప్రార్థనలో కూర్చున్నాడు. తప్పా, ఒప్పా అని అడిగాడు. దేవుడు ఎప్పటిలాగే ఏమీ అనలేదు. ఆయన మౌనం గింజ మౌనం లాంటిదేమో, ఎక్కడ తలుపు తీయాలో మనిషే తెలుసుకోవాలేమో అనిపించింది మేస్త్రికి. కానీ ఆ పూటకి తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ గ్లాసు మీద మూత పెట్టి ఉంచింది. ఆయన దాన్ని ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రోజు వేయించాల్సింది మంచి సరుకు. షావుకారు ఎదురుచూసి తెప్పించినది. ఆయన పెందలాడే వచ్చి కూర్చున్నాడు. మేస్త్రి డ్రమ్ము వెలిగించాడు. గింజ పోశాడు. తల బరువుగా ఉంది, కళ్ళలో ఇసుక పోసినట్టుంది. ఇవాళ మాడితే సొరుగులో బొమ్మ మళ్ళీ బల్ల మీదికొస్తుందని ఆయనకీ తెలుసు, షావుకారుకీ తెలుసు, చప్పుడు లేకుండా పొట్లాలు కడుతున్న బావమరిదికీ తెలుసు.

గింజ పసుపు రంగు తిరిగేసరికి గుమ్మంలో అలికిడయింది. మేస్త్రి భార్య. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ దుకాణం లోపలికి రాని మనిషి. చేతిలో ఫ్లాస్కు. బావమరిది అక్కా అంటూ లేచి స్టూలు వేశాడు. ఆవిడ కూర్చోలేదు. ఫ్లాస్కు కిటికీలో పెట్టి, భర్తకి రెండడుగుల దూరంలో నిలబడింది. తాగమని అనలేదు.

గింజ మొదటి మాట అంది. చిటపటలు గట్టిగా మొదలై, పలచబడి, ఆగిపోయాయి. అప్పుడు వాసన లేచింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. షావుకారు కుర్చీలోంచి సగం లేచాడు. కానీ మేస్త్రి నిద్రపోలేదు. ఆ వాసనకి ఆయన నోట్లో నీళ్ళూరాయి. ఒక్క గుక్క, ఒకే ఒక్క గుక్క అని ప్రాణం కొట్టుకుంది. ఆసుపత్రిలో కప్పు పారబోసిన రోజు ఎంత కొట్టుకుందో అంతే. నిన్న ఆకు టీ తాగి వచ్చినప్పుడూ అంతే కొట్టుకుంది, మొన్నా అంతే. ఆ సంగతి ఆయనకి అప్పుడే తట్టింది. తాను ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. రోజూ ఈ డ్రమ్ము ముందు నిలబడి, రోజూ దాన్ని మళ్ళీ ఇస్తూనే ఉన్నాడు. ఆకు ఇచ్చింది మెలకువ. ఈ రుచిని, ఈ గుక్కని ఏ ఆకూ తిరిగి ఇవ్వలేదు.

చెవి పక్కన మెల్లగా ఒక గొంతు, "ఇప్పుడండీ" అంది.

ఆయన చెయ్యి అప్పటికే తలుపు పిడి మీద ఉంది. లాగాడు. గింజలు గలగలమని పళ్ళెంలోకి దూకాయి. ఒక్కటీ మాడలేదు, ఒక్కటీ పచ్చిగా లేదు. అన్నీ ఒకే రంగు, తేనె పూసినట్టు. షావుకారు చేయి పెట్టి నాలుగు గింజలు తీసుకుని, వాసన చూసి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

మేస్త్రి మాత్రం పళ్ళెం వంక చూడలేదు. భార్య వంక తిరిగి, నీకెలా తెలిసింది అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళు ప్రతి రాత్రీ అన్నం దగ్గర చెప్పారు కదండీ, మూకుట్లో ఆకు కూడా అలాగే ఊరుకుంటుంది, దించమని చెప్పే ముందు అంది ఆవిడ.

అప్పుడు మేస్త్రి కిటికీలోంచి ఫ్లాస్కు తీశాడు. మూతలోకి పోసుకున్నాడు. సరిగ్గా అప్పుడే లారీ డ్రైవరు లోపలికొచ్చాడు. నిగ్రహం సంగతి అందరికన్నా ఎక్కువసార్లు విన్నది అతనే. అతను వింటున్నాడని చూసుకునే మేస్త్రి నోరు విప్పాడు.

"ఇన్నాళ్ళూ మీ అందరికీ నేను చెప్పింది వట్టి కోతలు. కాఫీ మానింది నేను, అది నిజం. ఈ డ్రమ్ము ముందు నన్ను నిలబెట్టింది మాత్రం నా నిగ్రహం కాదు. ఇదిగో, ఈవిడ వేయించిన ఆకు. ఇందులోనూ కాఫీలో ఉండేదే ఉంది. తెలియక షావుకారు గారి నిద్ర కూడా చెడగొట్టాను."

చెప్పి, సర్రుమని పీల్చాడు. ఆ చేత్తోనే షావుకారుకీ ఒక మూత పోసిచ్చాడు. షావుకారు భయం భయంగా చూసి, పొద్దున కాబట్టి తాగాడు. తాగి, ఇదేదో బాగుందే, కాఫీ పడక మానేసినవాళ్ళు ఇలాంటిదేమైనా ఉందా అని రోజూ నన్ను అడుగుతూనే ఉంటారు అన్నాడు. మూత తిరిగి ఇస్తూ, ఇది మన దుకాణంలో పెడితే ఎలా ఉంటుంది మేస్త్రీ అన్నాడు. నన్నెందుకు అడుగుతారు, మేస్త్రి అక్కడుంది అని భార్యని చూపించాడు ఆయన. ఆవిడ సిగ్గుపడలేదు. పెడితే పొట్లం మీద రెండు మాటలు రాయాలంది. పొద్దున తాగేది అని ఒకటి, పొద్దుగూకాక తాగవద్దు అని ఒకటి. ఇంకొకటి కూడా రాయించక్కా, తాగి నిగ్రహం గురించి మాట్లాడవద్దు అని, అన్నాడు బావమరిది. అందరికన్నా ముందు నవ్వింది మేస్త్రే.

ఇప్పుడు ఆ దుకాణంలో కాఫీ పొట్లాల పక్కన ఆవిడ ఆకు పొట్లాలు ఉంటాయి. వారానికి రెండు రోజులు ఆవిడ వచ్చి, వెనక గదిలో పెద్ద మూకుడు పెట్టుకుని తనే వేయిస్తుంది. అటువైపు మేస్త్రిని కూడా రానివ్వదు, చేతులకి కాఫీ వాసన ఉంటుందని. మొక్కు సంగతి మేస్త్రి ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. అది తనకీ దేవుడికీ మధ్య ఉండాల్సిన మాట అని ఆలస్యంగా తెలిసింది. తాను చేసుకున్న సర్దుబాటు దేవుడికి నూటికి నూరు పాళ్ళూ సమ్మతమేనా అన్న ప్రశ్న అప్పుడప్పుడు ప్రార్థనలో అడుగుతూనే ఉంటాడు. గొంతు మాత్రం ఇదివరకంత బింకంగా ఉండదు.

మొన్న పొరుగు వీధి నుంచి కొత్తగా వచ్చిన ఒకావిడ డ్రమ్ము దాకా వచ్చి ఆయన్ని ఎగాదిగా చూసింది. ముక్కు మేస్త్రి అంటే ఆవిడకి తెలియదు. ఏమండీ, ఆకు టీ అమ్మగారి ఆయన మీరేనా అని అడిగింది.

మేస్త్రి డ్రమ్ము మీది నుంచి చెవి తీయకుండానే, ముక్కు ఇంకో అంగుళం పైకెత్తి, అవునమ్మా, నేనే అన్నాడు.